ఎడమ చక్రానికి రాసిన పసుపు

మా పాత అంబాసిడర్ కారుకి వెనక బ్రేకులు ఇంటి ముందే మార్చిన రోజు ఒకటుంది. ఆ మధ్యాహ్నం నేను నోరు తెరిచి ఒక నిజం చెప్పాను.  చెప్పాక, వరిమోపు మోసిన మనిషి దాన్ని కింద పడేసినట్టు మెడ తేలికైపోయింది. ఇన్నేళ్ళయినా ఆ సంగతి గుర్తొస్తే ముందు ఆ తేలికే వస్తుంది. తర్వాతే మిగతా కథంతా.

మాది మొగల్తూరు దాటాక కాలవ గట్టు మీద ఊరు. మా ఆయన ఆ కారు అద్దెకి తిప్పేవాడు. పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ, రాజమండ్రి ఆసుపత్రులకీ, ద్రాక్షారామం మొక్కులకీ అందరూ ఆయన్నే పిలిచేవారు. కామెర్లొచ్చి నెల తిరక్కుండా పోయాడు. ఆయన పోయాక స్టీరింగు మా మరిది పట్టుకున్నాడు. మరిదంటే నా చేతిలో పెరిగినవాడే. నేను కాపరానికి వచ్చేనాటికి వాడు పలకా బలపం పట్టుకుని బడికి పోయేవాడు. వాడి తలకి నూనె రాసి, దువ్వి పంపింది నేనే. ముప్ఫయి దగ్గర పడుతున్నా ఇంకా పెళ్ళి కాలేదు.

ఆ శీతాకాలం ఇంట్లో నేనూ, అత్తగారూ, మరిదీ, పురిటికి వచ్చిన మా అమ్మాయీ ఉన్నాం. మనవరాలికి మూడో నెల. అమ్మాయి అత్తవారిది గోదావరి అవతల, రాజోలు వైపు. మంచిరోజు చూసి తల్లినీ పిల్లనీ దిగబెట్టాలి. పొద్దున్న పది లోపల వాళ్ళ గుమ్మంలో అడుగు పెట్టాలని అవతలివాళ్ళు కబురు పెట్టారు. చించినాడ వంతెన అప్పటికింకా పడలేదు. సిద్ధాంతం మీంచి చుట్టూ తిరిగి వెళ్తే ఆ వేళకి అందుకోలేం. నరసాపురం రేవులో పంటు ఎక్కడమే దారి.

ఆ రేవులో కారు పంటు ఎక్కించడం ఎంత పనో చూసినవాళ్ళకే తెలుస్తుంది. పంటు అంటే రెండు పెద్ద పడవలు జతచేసి మీద బల్లలు పరిచి ఉంటుంది. గట్టు మీంచి ఏటవాలుగా నీళ్ళ అంచుదాకా దిగాలి. అక్కడ రెండు చెక్కలు వేస్తారు. చక్రాలు ఆ చెక్కల మీంచి పోనిచ్చి పంటు మీదికి చేరగానే ఆగిపోవాలి. అవతలి చివర అడ్డంగా ఒక గొలుసు ఉంటుంది. గొలుసు అవతల గోదావరే.

అంతకుముందు వారం మా మరిది ఒక బేరం మీద వెళ్ళి ఆ పంటు ఎక్కబోతే, తొక్కిన బ్రేకు తొక్కినట్టే అడుక్కి పోయిందట. హ్యాండు బ్రేకు లాగి, గేరు కిందికి మార్చి, ఎలాగో ఆపాడు. ముందు బంపరు గొలుసుకి తగిలాక ఆగింది. రేవులో చెక్కలు వేసే మనిషి దగ్గరికి వచ్చి అన్నాడట:

"ఆయ్, బాబూ, బ్రేకులు బాగుచేయించుకునే రండి ఈసారి. ఈత వచ్చిన కారుని నేనింకా చూళ్ళేదండి."

మరిది ఇంటికొచ్చి ఇది నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ ఇంట్లోంచి ఒక మగమనిషి అప్పటికే వెళ్ళిపోయాడు.

మా కారు చూసే మెకానిక్కు మాల వేసుకుని శబరిమల వెళ్ళాడు. ఇరుముడి దించి తిరిగి వచ్చేసరికి మంచిరోజు దాటిపోతుంది. అప్పుడు మరిది, "నేను చేస్తాను వదినా. అన్నయ్య చేస్తుంటే ఎన్నిసార్లు పక్కన నించోలేదు?" అన్నాడు. నించోడం వేరు, చెయ్యడం వేరు అని నాకు నోటిదాకా వచ్చింది కానీ, అనలేదు. భీమవరం బస్సులో వెళ్ళి సామాన్లన్నీ గోనెసంచిలో తెచ్చాడు.

ఆ సామాన్లేమిటో చెప్పాలి. చక్రం వెనక ఇనప గిన్నెలాంటిది ఒకటి తిరుగుతుంటుంది. దాన్ని డ్రమ్ము అంటారు. దాని లోపల చంద్రవంకల్లాంటి షూలు రెండుంటాయి. ఆ షూలకి పైన గట్టి అట్టలాంటి లైనరు అంటించి ఉంటుంది. కాలితో బ్రేకు తొక్కితే ఆ రెండూ విచ్చుకుని గిన్నెని లోపల్నుంచి గట్టిగా పట్టుకుంటాయి. చక్రం ఆగుతుంది. ఇప్పటి కొన్ని కార్లకి వెనక కూడా పళ్ళేల్లాంటి డిస్కులే ఉంటాయట. మాదానికి డ్రమ్ములే. మా డ్రమ్ములు అరిగి అరిగి లోపల వేలికి తగిలేంత గాడి పడింది. అందుకని డ్రమ్ములు, షూలు, వాటిని తోసే నూనె సిలిండర్లలో వేసే రబ్బరు వాషర్లు, అన్నీ కొత్తవే తెచ్చాడు.

ప్రయాణానికి ముందురోజు తెల్లారగానే పని మొదలుపెట్టాడు. మా వాకిలి నల్లమట్టి. జాకీ పెట్టి తిప్పుతుంటే కారు లేవడం లేదు, జాకీయే భూమిలోకి దిగుతోంది. మా అత్తగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు.

"ఏరా, కారు లేస్తోందా, జాకీ దిగుతోందా?"

"అమ్మా, కాసేపు లోపలికి వెళ్ళవే."

"ఎందుకూ? ఇంకాస్త తిప్పితే జాకీ తీసి ఆ గోతిలో నీళ్ళు తోడుకోవచ్చు."

పశువుల పాక వెనక పాత తలుపు రెక్క ఉంటే నేనే ఈడ్చుకొచ్చాను. దాని మీద జాకీ పెడితే అప్పుడు లేచింది. ముందు చక్రాలకి ఇటికలు అడ్డం పెట్టాం, కారు కింద ఒక కొబ్బరి దుంగ దూర్చాం. చక్రాలు ఊడదీశాడు. డ్రమ్ములు తుప్పుతో పట్టేసి ఒక పట్టాన రాలేదు. కర్రముక్క ఆనించి సుత్తితో చుట్టూ కొట్టగా కొట్టగా ఊడొచ్చాయి. లోపల లైనరు అరిగిపోయి రివెట్లు పైకి తేలి కనబడ్డాయి. రెండు వైపులా పాతవన్నీ తీసి, సిలిండర్లలో కొత్త వాషర్లు వేసి, చేతులు కడుక్కుని చద్దన్నం తినడానికి పెరట్లోకి వెళ్ళాడు.

నేను చేసిన పని అప్పుడు చేశాను.

కొత్త సామాన్లు అరుగు మీద గోనె పరిచి పెట్టి ఉన్నాయి. మా వైపు ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా పసుపు తగలకుండా వాడం. తిరగలి అయినా అంతే, నాగలి అయినా అంతే, కుట్టుమిషనుకైనా అంతే. మర్నాడు కారుకి బొట్టు పెట్టడానికి అత్తగారు పక్కింటి ముత్తైదువకి అప్పుడే చెప్పి వచ్చారు. మా ఇంట్లో నేనూ అత్తగారూ ఇద్దరం పసుపుకుంకాలు పోయినవాళ్ళమే. శుభానికి బయల్దేరే బండి మీద చెయ్యి వెయ్యొద్దని నాతో ఎవరూ అనలేదు. ఎవరూ అనకుండానే తెలిసే సంగతులవి.

తెలిసినా, ఆ బండిలో కూర్చునేది నా కూతురు. దాని ఒళ్ళో మూడు నెలల పసికందు. బండిని ఆపేది ఈ నాలుగు ముక్కలే కదా అనిపించింది. లోపల బిగించేస్తే మర్నాడు పక్కింటావిడ బొట్టు పెట్టేది పై రేకుకే. ఆపే ముక్కకి పసుపు తగలదు. నా మనసు ఊరుకోలేదు.

ఇనుముకి నీళ్ళు తగిలితే తుప్పు పడుతుంది కాబట్టి నీళ్ళతో కలపలేదు. కొత్త డ్రమ్ములు చూస్తే నూనె రాసి, నూనె కాగితంలో చుట్టి వచ్చాయి. షూలు మాత్రం పొడిగా, బెరడులా ఉన్నాయి. డబ్బా మీద ఏదో ఇంగ్లీషులో ఉంది. నాకు తెలుగే కూడబలుక్కుని చదవడం. వీటికి నూనె రాయడం మరిచిపోయారేమో అనుకున్నాను. కొత్త మూకుడుకైనా ముందు నూనె పట్టిస్తాం కదా. తలకి రాసుకునే కొబ్బరినూనెలో చిటికెడు పసుపు కలిపి, ఎడమ చక్రానికని విడిగా పెట్టిన రెండు షూలకీ, పిల్లకి ఒళ్ళు రుద్దినట్టు శ్రద్ధగా పట్టించాను. నూనె చక్కగా ఇంకిపోయింది కూడా. కుడివైపు వాటిని చేతిలోకి తీసుకుంటుంటే లోపల అత్తగారి చేతికర్ర చప్పుడైంది. గబగబా కొంగుతో ఎడమవాటిని తుడిచేసి, పసుపు కనబడకుండా చేసి, ఎక్కడివక్కడ పెట్టేసి, అరిసెల పాకం చూసుకోడానికి లోపలికి పోయాను.

మరిది వచ్చి కొత్త డ్రమ్ములకున్న నూనెని పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచి మరీ బిగించాడని నాకు తర్వాత తెలిసింది. ఆ తుడవడం చూసి ఉంటే, లోపల నూనె ఉండకూడదని తెలిసి అక్కడే అరిచేదాన్ని. నేను పాకం ముదురుతుందేమోనని పొయ్యి దగ్గరే ఉండిపోయాను.

కాసేపటికి బయట్నుంచి కేక వేశాడు. బ్రేకు పైపులో గాలి చేరిందట. అది తీయడానికి ఒకరు కూర్చుని తొక్కాలి, ఒకరు కింద మర తిప్పాలి. అమ్మాయి పిల్లకి పాలిస్తోంది. నేను వెళ్ళాను.

"నేనెందుకురా? నాకేం తెలుసు?"

"కాలుంది కదా. కూర్చో వదినా."

డ్రైవరు సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు. ఆయన కూర్చుని కూర్చుని ఆ సీటు ఒక పక్కకి కుంగి ఉంది. నేనూ ఆ పక్కకే ఒరిగాను.

"నడిమిది తొక్కు," అన్నాడు మరిది కారు కిందనుంచి.

"తొక్కా."

"మళ్ళీ వదిలి తొక్కు. ఆ... ఇప్పుడు అలాగే పట్టుకో. నేను చెప్పేదాకా కాలు తియ్యకు."

"పట్టుకున్నాన్రా. కాలు దానంతటదే కిందికి పోతోంది."

"పోనీ. పోవాలి. ఇంకా వదలకు... ఆ, ఇప్పుడు వదులు!"

అత్తగారు అరుగు మీంచి, "నెమ్మదిగా తొక్కవే, కారుకి జాకెట్టు కుట్టేలా ఉన్నావు!" అన్నారు. లోపల్నుంచి మా అమ్మాయి నవ్వు వినబడింది. నాకూ నవ్వొచ్చి కాలు జారితే కింద వాడు మొహం మీద నూనె చిమ్మిందని గోల పెట్టాడు. అలా రెండు వైపులా తొక్కగా తొక్కగా, కాలి కింద మెత్తగా ఉన్నది గట్టిపడింది. గోడని తొక్కినట్టయింది. "అయిపోయింది వదినా!" అని వాడు బయటికి పాకి వచ్చాడు. మొహమంతా మసి. ఆ మసిలో పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. వాడి అన్న పోయాక వాడు అంత బాగా నవ్వడం నేను చూడలేదు.

చక్రాలు బిగించి, కాలవ గట్టు మీద ఒక్కడే ఓ చుట్టు తిప్పి వస్తానని వెళ్ళాడు. మేం గుమ్మంలో నించుని చూస్తున్నాం. కారు కాస్త వేగమందుకుని, బ్రేకు తొక్కాడో లేదో, వెనక భాగం ఒక పక్కకి ఈడ్చుకుపోయింది. కారు కుడివైపుకి, కాలవ మీదికి తిరిగింది. నీళ్ళకి నాలుగడుగుల్లో ఆగింది. అమ్మాయి చేతిలో పిల్లని నా గుండెకి హత్తుకున్నాను. ఎప్పుడు లాక్కున్నానో కూడా తెలియదు.

నెమ్మదిగా నడుపుకుంటూ తిరిగొచ్చాడు. దిగి, "ఎక్కడో కొబ్బరినూనె కాలుతున్న వాసన. ఎవరో జుట్టు కాల్చుకుంటున్నట్టుంది," అన్నాడు. నేను కొంగు ఎత్తి వాసన చూసుకున్నాను.

గట్టు మీదికి తీసుకెళ్ళి చూపించాడు. మట్టిలో ఒక్క చక్రం ఈడ్చిన గీతే ఉంది. "కుడిది పడుతోంది. ఎడమది పట్టడం లేదు. అందుకే బండి అటు లాగేస్తోంది," అన్నాడు. మళ్ళీ జాకీ ఎక్కించి ఎడమ చక్రం విప్పాడు. డ్రమ్ము తీశాడు. లైనరు మీద వేలు రాసి చూసుకున్నాడు. తడిగా, నల్లగా మెరుస్తోంది.

 "నూనె దిగింది. సిలిండర్లో నేను వేసిన వాషరు కారుతోంది," అన్నాడు.

అక్కడే నేల మీద కూలబడ్డాడు. "తిరగేసి వేశానేమో. చినిగిందేమో. పదేళ్ళు అన్నయ్య పక్కన నించుని స్పానర్లు అందించాను వదినా. ఒక్క వాషరు వెయ్యడం రాలేదు నాకు. డ్రైవరునని చెప్పుకుని తిరుగుతున్నాను."

"వాషర్లు ఇంకా ఉన్నాయా?" అన్నారు అత్తగారు.

"లేవు. భీమవరం మళ్ళీ పోయి వచ్చేసరికి చీకటి పడిపోద్ది. కొట్టు ఉంటుందో మూసేస్తాడో."

"అవతల వియ్యాలవారు బంధువుల్నందర్నీ పిలుచుకుని కూర్చుంటారురా. బిడ్డని మొదటిసారి తీసుకెళ్ళడం."

 వాడు లేచి, లైనరుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. "పోనీ. కారడం కొద్దికొద్దిగానే కదా. ఇప్పుడు తుడిచి బిగించేస్తాను. రోడ్డు మీద నెమ్మదిగా పోతాను. రేవులో ఎలాగూ మీరంతా దిగిపోయి నడిచే పంటు ఎక్కుతారు. బండిలో ఉండేది నేనొక్కణ్ణే కదా. హ్యాండు బ్రేకు ఉందిలే."

ఆ మాట అనేటప్పుడు వాడి గొంతులో భయం లేదు. సిగ్గే ఉంది. చేతకానివాణ్ణని వాడికి వాడు తీర్పు చెప్పేసుకున్నాడు. ఇక వాడికేమైనా ఫరవాలేదన్నట్టుంది ఆ గొంతు.

నాకు ఆ ఏటవాలు కళ్ళ ముందు కనబడింది. చెక్కలు కనబడ్డాయి, గొలుసు కనబడింది. నేను నోరు మూసుకుంటే వాడు రేపు ఆ నూనె పట్టిన షూలతో అక్కడికి దిగుతాడు. నోరు తెరిస్తే, అయ్యో, నా చెయ్యి పడబట్టే కదా అనుకోని మనిషుండడు. అత్తగారు అనకపోయినా అనుకుంటారు. నా కూతురే అనుకోవచ్చు. అది శుభమా అని బిడ్డని తీసుకుని వెళ్ళే రోజు. నాకే లోపల అనిపిస్తోంది, ఎవరినో ఎందుకనాలి?

"అబ్బాయ్," అన్నాను. వాడు తుడుస్తూనే ఉన్నాడు. మళ్ళీ అన్నాను. "అబ్బాయ్, అది వాషరు కాదు. నేను."

"నువ్వేంటి?"

"నూనె నేను రాశాను. కొబ్బరినూనె. పసుపు కలిపి ఆ రెండింటికీ రాశాను. నువ్వు చద్దన్నం తింటున్నప్పుడు. కుడివాటికి రాయలేదు. అత్తయ్య లేచారని తుడిచేశాను."

 మరిది షూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత దాన్ని పడేసి, సిలిండరు దగ్గర వంగి, రబ్బరు అంచు చుట్టూ గుడ్డముక్క పెట్టి నొక్కి, తీసి చూశాడు. గుడ్డ పొడిగా ఉంది.

"పొడిగా ఉంది," అన్నాడు. "వదినా, పొడిగా ఉంది! నేను వేసిన వాషరు కారడం లేదు!"

అలాగే వెనక్కి గడ్డి మీద వాలిపోయి, చేతులు రెండూ చాపి, ఆకాశం చూస్తూ నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు. వాడు తిడతాడని సిద్ధపడి నించున్నదాన్ని, ఏం చెయ్యాలో తోచక నించునే ఉన్నాను.

అత్తగారే అడిగారు. "నువ్వెందుకు ముట్టుకున్నావే అమ్మాయ్? పక్కింటావిడకి చెప్పాను కదా."

"నా కూతురు కూర్చునే బండి, అత్తయ్యా," అన్నాను. "మనసు ఆగలేదండి. నా చెయ్యి పడబట్టే ఇలా..."

మాట పూర్తవకుండానే మరిది లేచి కూర్చున్నాడు. "నూనె వదినా, నూనె! నీ చెయ్యి కాదు. లైనరుకి నూనె తగిలితే పట్టదు, అంతే. ఊళ్ళో ముత్తైదువలందరూ వచ్చి వరసగా రాసినా ఇలాగే జారుద్ది."

ఆ మాటతో నాకు దిగింది బరువు. ముప్ఫయ్యేళ్ళ మగాడు, మసి మొహంతో, గడ్డి మీద కూర్చుని, అంత తేలిగ్గా అనేశాడు. నేను రెండేళ్ళుగా ఏ గుమ్మంలో నించోవాలో, ఏ గుమ్మంలో నించోకూడదో లెక్క చూసుకుంటూ బతుకుతున్నాను. మొత్తానికి అది వట్టి కొబ్బరినూనె.

అత్తగారు కాసేపు చేతికర్రతో నేల గీశారు. తర్వాత, "నేను పొద్దున్నే నిమ్మకాయ కట్టాను," అన్నారు.

"ఎక్కడ?" అన్నాడు మరిది.

"ముందు బంపరు వెనక. ఎవరికీ కనబడకుండా. నేనైతే బ్రేకులో దూర్చలేదు కదా."

"అమ్మా! ఇంకేమన్నా ఉంటే ఇద్దరూ ఇప్పుడే చెప్పేయండి. ఇంజన్లో పానకం గట్రా పోశారా?"

మా అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నవ్వలేక కళ్ళు తుడుచుకుంటోంది. నన్ను చూసి, "అమ్మా, నువ్వు ఇటు రా," అంది. వెళ్తే, పిల్లని నా చేతిలో పెట్టింది. నా పసుపు చేతుల్లోనే పెట్టింది. 

అక్కణ్ణుంచి పని చకచకా సాగింది. ఆ రెండు షూలనీ మరిది పెట్రోలులో కడిగాడు. కడిగి, దూరంగా ఇసకలో పెట్టి అగ్గిపుల్ల గీశాడు. గుప్పున మండి, నల్లటి పొగ వచ్చింది. లోపలికి ఇంకిన నూనె కాలుతుంటే ఆ వాసనకి పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏంటండీ, మీ ఇంట్లో అరిసెలు మాడినట్టున్నాయే!" అంది. "అరిసెలు కాదండీ, మా కారు తలంటుకుంటోంది," అన్నాడు మరిది. చల్లారాక ఉప్పు కాగితం రెండు ముక్కలు చేసి, ఒకటి నాకిచ్చాడు.

"రుద్దు వదినా. పైపొర పోవాలి. కొత్త పొర రావాలి."

నేను ముట్టుకోవచ్చా అని అడగబోయి మానేశాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని రుద్దాం. ఆ దుమ్ము పీల్చొద్దని కొంగు ముక్కుకి అడ్డం కట్టుకోమన్నాడు. మెరుపంతా పోయి, మొదట ఉన్నట్టు పొడి బెరడులా అయ్యేదాకా రుద్దాను. మళ్ళీ పెట్రోలు, మళ్ళీ ఉప్పు కాగితం. వేలు రాస్తే వేలికి దుమ్మే తప్ప తడి అంటలేదు. డ్రమ్ము లోపల కూడా తుడిచాడు. బిగించాడు.

ఈసారి గట్టు మీదికి వాడు బండి తీస్తుంటే మేం గుమ్మంలో నించోలేదు. గట్టు మీదికే వెళ్ళాం, అత్తగారితో సహా. వచ్చాడు, తొక్కాడు. కారు ముక్కు కొంచెం వంగి, ఉన్నచోటే నిటారుగా ఆగింది. కాలవ వైపు అంగుళం జరగలేదు. పరుగున వెళ్ళి మట్టి చూశాం. రెండు గీతలు. వాడు పక్కన జానలు వేసి కొలిచాడు. ఎడమది ఎంతో కుడిది అంతే. మళ్ళీ తొక్కించాం, మళ్ళీ రెండు గీతలే. అయిదుసార్లో ఆరుసార్లో తొక్కించి ఉంటాం. గట్టు మీద పోయే సైకిళ్ళవాళ్ళు మాకేమైందోనని ఆగి చూశారు.

మర్నాడు పొద్దున్న పక్కింటావిడ వచ్చి కారుకి బొట్టు పెట్టింది. పళ్ళూ, అరిసెలూ, సున్నుండలూ డిక్కీలో సర్దాం. అత్తగారు ఇంటి దగ్గర ఉండిపోయారు. నేను వెనక సీట్లోకి ఎక్కబోతుంటే ఆవిడే, "ముందు కూర్చో. వెనక తల్లికీ పిల్లకీ చోటు చాలదు," అన్నారు.  ఆవిడ నోట అది చాలా పెద్ద మాట.

రేవులో అమ్మాయి పిల్లని తీసుకుని దిగింది. నేను దిగలేదు.

"దిగు వదినా. చెక్కల దగ్గర అందరూ దిగాలి."

"నేను దిగను."

"ఏంటి మొండితనం? బ్రేకు మీద నమ్మకం లేదా?"

"ఉండబట్టే కూర్చున్నాను. నువ్వు పోనీ."

రేవు మనిషి వచ్చి కిటికీలోంచి నన్ను చూశాడు. "ఆయ్, పెద్దావిడ దిగరాండి?" అన్నాడు. "దిగదంటండి," అన్నాడు మరిది. "అయితే బ్రేకులు బాగుచేయించే ఉంటారు," అని వాడు చెక్కలు సర్దాడు.

కారు ఏటవాలులో దిగింది. ముందు అద్దంలో ఆకాశం పోయి నీళ్ళు వచ్చాయి. అద్దం నిండా నీళ్ళే. చక్రాలు చెక్కల మీద ధడధడమన్నాయి. ముందు భాగం పంటు మీదికెక్కి బల్లలు కిర్రుమన్నాయి. గొలుసు దగ్గరికి వస్తోంది. మరిది కాలు కదిలింది. కారు ఆగింది. ఎలా ఆగిందంటే, కూర్చోమంటే కూర్చున్న మనిషిలా. గొలుసుకీ బంపరుకీ మధ్య ఒక మనిషి నడిచిపోయేంత చోటుంది. నడిచాడు కూడా, రేవు మనిషి, ఆ సందులోంచి, కావాలని, చేతులు వెనక్కి కట్టుకుని.

 మరిది స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నా కాళ్ళకేసి చూస్తున్నాడు. చెప్పులు ఎప్పుడు విడిచానో, రెండు పాదాలూ నేలకి అదిమిపెట్టి, మడమలు తెల్లబడేలా తొక్కి పట్టుకుని ఉన్నాను.

"వదినా, ఇంక కాళ్ళు తియ్యి. నీ పక్క బ్రేకు లేదు," అన్నాడు.

మా అమ్మాయి పిల్లని ఎత్తుకుని చెక్కల మీంచి నడిచి వచ్చి, కిటికీ పక్కన నించుంది. పంటు కదిలింది. గోదావరి మీద చలిగాలి మొహానికి కొట్టింది. అప్పుడు తెలిసింది నాకు, ముందురోజు మధ్యాహ్నం నుంచీ నేను ఏమీ తినలేదని. డిక్కీలో సారె పెట్టిన అరిసెలున్నాయి. వియ్యాలవారికి లెక్క తక్కువైతే అవనీ అనుకుని, దిగి వెళ్ళి రెండు తీసుకున్నాను. ఒకటి మరిదికిచ్చాను. రెండోది నది మధ్యలో నించుని మొత్తం తినేశాను.